మన ఎండకి ఇంజన్ వేడెక్కదు

"మంచు కురస్తా ఉందా సార్ మనకేమన్నా, ఇంజన్ వేడెక్కలా అని బాధపడేదానికి?" అన్నాడు మా మెకానిక్. మే నెల, మిట్టమధ్యాహ్నం, నెల్లూరు ఆటోనగర్. రేకుల షెడ్డు కింద ఇద్దరం చెమటతో తడిసిపోయి ఉన్నాం. బయట నలభై డిగ్రీల పైనే ఉంటుంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పైగా ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద, ముప్పై ఏళ్లుగా డీజిల్ ఇంజన్లు విప్పి బిగిస్తున్న మనిషి. ఊరుకున్నాను కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పట్నుంచి ఎనిమిది నెలలు చదివీ, అడిగీ, కొలిచీ నేను చేరిన చోటు ఇది: మన ఎండకి మనం వేడెక్కుతాం, ఇంజన్ వేడెక్కదు. వేడెక్కడానికి దానికి ఉన్న దారులు రెండు, మూడు. వాటిని మనమే చేతులారా మూసేస్తున్నాం.

నాది 2017 మోడల్ డీజిల్ కారు, బీఎస్-4 (2020కి ముందటి పొగ ప్రమాణం) రకం. రెండేళ్ల క్రితం కావలి వైపు ఒకరి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పొద్దున వేదాయపాళెంలో బయల్దేరి, పాపని దర్గామిట్టలో బడి దగ్గర దింపి, ట్రంకు రోడ్డు వైపు ఆఫీసుకి వెళ్లడం నా రోజువారీ ప్రయాణం. మొత్తం కలిపి ఐదారు కిలోమీటర్లు. సాయంత్రం మళ్లీ అంతే. డీజిల్ కారు పెట్టుకుని ఇంత తక్కువ తిప్పడమే తప్పంటారు చాలామంది. ఆ మాట కొంత నిజం, ఒప్పుకుంటాను. అయితే మా నాన్న మందులకీ, అత్తగారి ఊరికీ నెలకి రెండుసార్లు హైవే ఎక్కుతాం కాబట్టి డీజిల్ తీసుకున్నాను. మన ఊళ్లలో డీజిల్ కారు ఉన్న ఇళ్లలో ఎక్కువ భాగం ఇలాగే నడుస్తుంటుంది.

కొన్న మొదటి నెలలోనే ఒకటి గమనించాను. టెంపరేచర్ ముల్లు పావు గీత దాటడం లేదు. ఆఫీసు చేరినా అక్కడే. హైవే మీద ఎనభైలో పోతే ఇంకా కిందికి దిగుతోంది. మైలేజీ టౌన్‌లో పదమూడు, పద్నాలుగు. స్టార్ట్ చేసిన మొదటి పది నిమిషాలు టకటకమనే శబ్దం. "ముల్లు పైకి పోతే కదా సార్ టెన్షన్, కింద ఉంటే మంచిదే" అన్నారు అడిగిన వాళ్లందరూ.

థర్మోస్టాట్ లేని ఊరు

ఫోన్‌కి కలిపే చిన్న స్కానర్ ఒకటి కొని కారుకి పెట్టాను. మే నెల పొద్దున ఏడున్నరకి, స్టార్ట్ చేయకముందు కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, 32 డిగ్రీలు. బడి దగ్గరికి 57. ఆఫీసు దగ్గర 61. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే వాల్వు థర్మోస్టాట్. డీజిల్ ఇంజన్లో అది తెరుచుకునేదే 80, 90 డిగ్రీల మధ్య. అంటే మా కారు ఏ రోజూ పని చేయాల్సిన వేడికి చేరకుండానే ఆగిపోతోంది.

ఇక్కడే మన ఎండ మనల్ని మోసం చేస్తుంది. చలిదేశంలో సున్నా డిగ్రీల దగ్గర మొదలయ్యే ఇంజన్‌తో పోలిస్తే మనకి ముప్పై డిగ్రీలు ముందే చేతికొచ్చాయి, నిజమే. కానీ మిగిలిన యాభై, అరవై డిగ్రీలు ఎక్కాల్సింది ఇంజన్ తన సొంత వేడితోనే. మనకి నలభై డిగ్రీలంటే ప్రాణాల మీదికొస్తుంది. ఇంజన్ ఆయిల్‌కి అది ఇంకా చల్లదనమే.

విప్పి చూస్తే థర్మోస్టాట్ వాల్వు లేదు. దాని డబ్బా ఖాళీగా ఉంది. మా మెకానిక్ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "అది ఉంటే ఎండాకాలం బాయిల్ అయిద్ది సార్. తీసేస్తే నీళ్లు ఫ్రీగా తిరగతాయి" అన్నాడు. ఈ మాట ఆయనొక్కడిదే కాదు. లారీ షెడ్లలో, ట్రాక్టర్ షెడ్లలో, గూడూరు నుంచి ఒంగోలు దాకా ఎవరినడిగినా ఇదే చెబుతారు.

ఈ అలవాటు ఊరికే రాలేదు, దాని వెనక ఒక తరం అనుభవం ఉంది. ఒకప్పుడు రేడియేటర్లో పోసేది బోరు నీళ్లే. మన వైపు చాలా ఊళ్ల బోరు నీళ్లు ఎలాంటివో వంటింట్లో గిన్నెలకు పట్టే తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. అదే పొర థర్మోస్టాట్‌కీ పడుతుంది. వాల్వు మూసుకున్న చోటే బిగుసుకుపోతుంది. నీళ్లు రేడియేటర్‌కి పోవు, నడిరోడ్డు మీద ఆవిరి లేస్తుంది. అలా రెండుసార్లు లోడు లారీ ఆగిపోయిన డ్రైవరు ఆ వాల్వు పీకి పారేశాడంటే నేను తప్పు పట్టలేను. ఆ రోజుకి అది సరైన పనే.

కానీ ఇప్పుడు మనం పోసేది కూలెంట్. ఆ పొర సమస్య చాలావరకు పోయింది. మందు మాత్రం మిగిలింది. పైగా కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది: వేడెక్కాక రేడియేటర్ దారి తెరుస్తూ, రేడియేటర్ దాకా పోకుండా తిరిగొచ్చే అడ్డదారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో కొంత భాగం చల్లబడకుండానే తిరిగి ఇంజన్లోకి వెళ్తుంది. బాయిల్ కాకూడదని తీసిన వాల్వే అసలైన ఎండలో, ట్రాఫిక్‌లో బాయిల్ అవడానికి కారణం కావచ్చు.

మన దగ్గర ఇంకొకటి కూడా ఉంది. తాళం తిప్పగానే ఏసీ వేస్తాం. ఏసీ వేస్తే రేడియేటర్ దగ్గరున్న ఫ్యాను తిరుగుతుంది. థర్మోస్టాట్ ఉన్న కారులో దానివల్ల నష్టం లేదు, ఎందుకంటే కూలెంట్ ఇంకా రేడియేటర్‌కి చేరదు. లేని కారులో మాత్రం మొదటి నిమిషం నుంచీ చల్లార్చడం మొదలవుతుంది. ఒకవైపు ఇంజన్ వేడి చేసుకుంటుంటే, ఇంకోవైపు మనం విసనకర్రతో విసురుతున్నామన్నమాట.

రేకు

థర్మోస్టాట్ వేయించే ముందే రెండో సంగతి బయటపడింది. ఈజీఆర్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకి పంపే ఏర్పాటు) గొట్టం జాయింట్ దగ్గర గ్యాస్కెట్ ఆకారంలో కత్తిరించిన ఒక రేకు. మధ్యలో చిన్న రంధ్రం. పూర్తిగా మూసేస్తే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుందని, కాస్త గాలి పోయేంత దారి ఉంచారు. పని తెలిసినవాళ్లు చేసిన పనే. నేను కొనకముందు ఎవరో ఈజీఆర్‌ని బ్లాంక్ చేయించారు, అంటే ఆ పొగ దారికి అడ్డం పెట్టించారు.

డీజిల్ కార్లవాళ్లకి ఈజీఆర్ గురించి చెప్పక్కర్లేదు. తిట్టుకోని వాళ్లు ఉండరు. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకి పంపడమేంటి, మనం వదిలిన గాలి మనమే పీల్చినట్టు కదా అంటారు. ఆ పొగ లోపలికెళ్తే ఆక్సిజన్ తగ్గి, మంట వేడి తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయని కంపెనీలు చెబుతాయి. అది అందరికీ తెలిసిన లెక్కే. నా ఆసక్తి ఇంకో చోట మొదలైంది. ఆ పొగ లోపలికెళ్లే దారిలో ఒక కూలర్ ఉంటుంది. అందులో పొగ తన వేడిని కూలెంట్‌కి ఇచ్చేసి వెళ్తుంది. పేరు కూలరే గానీ, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అది చేసేది హీటర్ పని. సైలెన్సర్ గుండా గాల్లో కలిసిపోయే వేడిలో కొంత అది వెనక్కి తెచ్చి పెడుతోంది.

డీజిల్ ఇంజన్‌కి ఈ సాయం ఎందుకు కావాలంటే, అది మరీ పొదుపరి. తక్కువ డీజిల్ కాలుస్తుంది, కాల్చినదాంట్లో ఎక్కువ భాగాన్ని పనిగా మారుస్తుంది. అందుకని మిగిలే వేడి తక్కువ. దానికితోడు పెట్రోలు ఇంజన్లోలా గాలిని అడ్డుకునే పద్ధతి కాదు. ఐడిలింగ్‌లో కూడా సిలిండర్ నిండా గాలి పీల్చుకుంటుంది. చిటికెడు డీజిల్ వేడిని బారెడు గాలి మోసుకుపోతుంది. పొద్దున్నే కారు స్టార్ట్ చేసి "వేడెక్కనీ" అని పది నిమిషాలు గేటు ముందు ఉంచేవాళ్లు మా వీధిలో ముగ్గురున్నారు. స్కానర్ పెట్టి చూశాను, పది నిమిషాలకి పట్టుమని పది డిగ్రీలు పెరగలేదు. మెల్లగా నడిపితే రెండు కిలోమీటర్లలో అంతకంటే ఎక్కువ పెరిగింది.

ఒక్కొక్కటిగా

రెండూ ఒకేసారి బాగు చేయిస్తే ఏది ఎంత పని చేసిందో తెలియదు. అందుకని మా మెకానిక్‌ని బతిమాలుకున్నాను. "అన్నా, రేకు ఇప్పుడే తీయొద్దు. ముందు థర్మోస్టాట్ వేద్దాం. రెండు వారాల తర్వాత మళ్లీ వస్తాను" అన్నాను. రెండుసార్లు విప్పడమంటే ఆయనకి పని దండగ. అయినా ఒప్పుకున్నాడు.

థర్మోస్టాట్ వేసిన మర్నాడే తేడా కనిపించింది. అదే దారి, అదే టైము, ఏసీ అదే నంబర్ మీద. బడి దగ్గరికి 57 వచ్చే చోట 74 వచ్చింది. ఆఫీసు మలుపు దగ్గర 80 దాటింది. ముల్లు మొదటిసారి సగం గీత చూపించింది. ఆ రోజు ఆఫీసు ముందు కారు ఆపి కూడా రెండు నిమిషాలు దిగలేదు.

రెండు వారాల తర్వాత రేకు తీయించి, ఈజీఆర్ వాల్వుని విప్పి కడిగించాను. లోపల నల్లగా, బెల్లప్పాకంలా అంటుకుపోయిన మసి. తర్వాతి రోజుల్లో 80 డిగ్రీలు ఆఫీసు మలుపు కంటే ఒక సిగ్నల్ ముందే వచ్చింది. అంతే. థర్మోస్టాట్ ఇచ్చిన దాంతో పోలిస్తే అది చిన్న తేడా. ఆ సిగ్నల్ ఒకరోజు పచ్చగా, ఒకరోజు ఎర్రగా ఉంటుంది కాబట్టి ఆ తేడా పూర్తిగా ఈజీఆర్‌దే అని నేను ఒట్టేసి చెప్పలేను. నాకు కావాల్సిన జవాబు ఇంతకంటే గట్టిగా వస్తుందని ఆశపడ్డాను. రాలేదు. ఈజీఆర్ వేడెక్కడానికి సాయం చేస్తుంది, కానీ కొంచెమే. నా కారులో నేను చూసినంతవరకు ఇది.

మైలేజీ మాత్రం రెండూ కలిసి లీటరుకి కిలోమీటరున్నర పెంచాయి.

మార్చాలనిపించిన రోజులు

కొంచెమే సాయం చేస్తుంటే, ఎక్కువ చేసేలా మార్చలేమా? రెండు నెలలు ఈ ఆలోచన నన్ను పట్టుకుంది. చలిదేశాల్లో కొందరు డీజిల్ కార్లవాళ్లకి ఇదే పిచ్చి. కారు కంప్యూటర్‌లో ఇంజన్‌ని నడిపే లెక్కల పట్టిక (మ్యాప్) మార్చి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఈజీఆర్ వాల్వుని ఇంకా ఎక్కువ తెరిపించడం ఒక దారి. కూలర్ గొట్టాలను మార్చి ఆ వేడి ముందుగా ఇంజన్ బ్లాకుకో, క్యాబిన్ హీటర్‌కో చేరేలా చేయడం ఇంకొకటి. కొన్ని కార్లలో కంపెనీయే కూలర్ పక్కన బైపాస్ పెడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పొగని కూలర్‌లోకి పోనివ్వకుండా వేడివేడిగా నేరుగా ఇంజన్‌లోకే పంపుతుంది. దానివల్ల సగం కాలిన పొగ తగ్గుతుంది, వెనక పొగని శుభ్రం చేసే క్యాటలిస్టు త్వరగా పనిలోకి వస్తుంది. కూలెంట్ త్వరగా వేడెక్కాలా, మంట త్వరగా సర్దుకోవాలా అన్నది ఇంజనీర్లే ఒక్కో కారుకి ఒక్కోలా తేల్చుకున్న విషయం.

కాగితం మీద బొమ్మలు కూడా గీశాను. చివరికి మానుకున్నాను. కారణం ఆ బెల్లప్పాకమే.

చల్లటి కూలర్‌లోకి పొగని ఎక్కువగా పంపితే అందులోని నీటి ఆవిరి గోడల మీద చెమ్మగా పేరుకుంటుంది. సగం కాలిన డీజిల్, మసి ఆ చెమ్మకి అంటుకుని లక్కలా గట్టిపడతాయి. డీజిల్లో గంధకం ఉంటే ఆ చెమ్మ ఆమ్లమవుతుంది. బీఎస్-4 రోజుల్లో మన డీజిల్లో గంధకం హద్దు 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు), 2020 ఏప్రిల్ నుంచి 10 పీపీఎం. కాబట్టి ఆమ్లం భయం తగ్గింది, మసి భయం తగ్గలేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కంపెనీలు ఈజీఆర్‌ని ఆచితూచి తెరిచేది ఇందుకే. నేను దాన్ని బలవంతంగా తెరిపిస్తే, వేడెక్కడంలో ఒక నిమిషం సంపాదించి, ఆర్నెల్లకి కూలర్ పోగొట్టుకుంటాను. ఆ గొట్టాల జాయింట్లు చేత్తో చేయించడం ఇంకా ప్రమాదం. 2018లో బీఎండబ్ల్యూ దక్షిణ కొరియాలో లక్షకు పైగా డీజిల్ కార్లను వెనక్కి పిలిచింది. ఈజీఆర్ కూలర్ నుంచి కారిన కూలెంట్ మసితో కలిసి, వేడికి అంటుకుని కార్లు కాలిపోయాయి. అంత పెద్ద కంపెనీకే లీకు పట్టుబడకపోతే, ఆటోనగర్లో వెల్డింగ్ చేయించిన నా గొట్టానికి ఏం భరోసా?

మళ్లీ రేకు దగ్గరికి

నా వాదన వినగానే స్నేహితులు అడిగే మాట: "నువ్వే అంటున్నావు కదా మసి అని. మరి రేకు వేయడంలో తప్పేముంది?"

రేకు వేసిన కారు గురించి వాళ్లు చెప్పేవి అబద్ధాలు కావు. ఈజీఆర్ వల్ల మసి పెరుగుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించబోతే మసి పెరగడం, మసి తగ్గించబోతే అవి పెరగడం డీజిల్ పుట్టినప్పటి నుంచీ ఉన్న చిక్కు. రేకు వేస్తే ఇన్‌టేక్ శుభ్రంగా ఉంటుంది, ఆయిల్ ఆలస్యంగా నల్లబడుతుంది. నేను ఆ మాట కాదనను.

పికప్ మాట మాత్రం వేరు. బాగా పనిచేసే ఈజీఆర్ వాల్వు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మూసుకుంటుంది. లారీని దాటేటప్పుడు అది అడ్డం రాదు. రేకు వేయగానే పికప్ పెరిగిందంటే, అంతకుముందు ఆ వాల్వు మసితో సగం తెరుచుకుని బిగుసుకుపోయి ఉందని అర్థం. కడిగిస్తే కూడా అదే పికప్ వస్తుంది, నా కారుకి వచ్చింది. ఆ వాల్వు ఎందుకు బిగుసుకుంటుందంటే ఇంజన్ ఎప్పుడూ సగం చల్లగానే నడుస్తోంది కాబట్టి. థర్మోస్టాట్ పీకాం, ఇంజన్ వేడెక్కలేదు. వేడెక్కక మసి పేరుకుంది. మసి పేరుకుంటే ఈజీఆర్‌ని తిట్టి రేకు కొట్టాం. రేకు కొడితే వేడెక్కడానికున్న ఇంకో చిన్న దారి కూడా పోయింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది పొల్యూషన్ సర్టిఫికెట్. రేకు ఉండగా ఒకసారి, తీశాక ఒకసారి టెస్టు చేయించాను. రెండుసార్లూ పాసైంది. డీజిల్ బండికి ఆ టెస్టులో చూసేది పొగ ఎంత చిక్కగా ఉందన్నదే. బీఎస్-4 కారుకి ఆ చిక్కదనం కొలతలో హద్దు 1.62. నైట్రోజన్ ఆక్సైడ్లను అక్కడ ఎవరూ కొలవరు. కంపెనీ నుంచి బయటికొచ్చేటప్పుడు బీఎస్-4 డీజిల్ కారుకి ఆ వాయువుల హద్దు కిలోమీటరుకి 0.25 గ్రాములు, 2020 నుంచి వచ్చిన బీఎస్-6కి 0.08. రోడ్డెక్కాక అడిగే నాథుడు లేడు. పైగా రేకు వేసిన కారుకి మసి తక్కువ కాబట్టి టెస్టులో మంచి మార్కులొస్తాయి. కాగితం ప్రకారం రేకు వేసిన కారే శుభ్రమైన కారు.

కనిపించని ఆ వాయువులే ఎండలో మిగతా పొగలతో కలిసి నేల దగ్గర ఓజోన్‌గా మారతాయి. ఊపిరితిత్తులకి అది మంచిది కాదు. ఇంజన్‌ని వేడెక్కించలేని మన ఎండ, ఈ పనిని మాత్రం బాగా చేస్తుంది. దర్గామిట్టలో బడి వదిలే వేళ గేటు ముందు పాతిక, ముప్పై కార్లు ఏసీ వేసుకుని ఇంజన్లు ఆపకుండా నిలబడతాయి. పిల్లలు ఆ కార్ల మధ్యనుంచే బయటికొస్తారు. మా పాప తరగతిలో ఒకమ్మాయి బ్యాగులో ఇన్‌హేలర్ పెట్టుకుని వస్తుంది. ఆమె జబ్బుకి మా కార్లే కారణమని నేను అనలేను. కానీ నా కారులో ఆ రేకు అలాగే ఉంచి ఆ గేటు ముందు నిలబడటం నాకు చేతకాలేదు.

పెద్ద కంపెనీలే మోసం చేశాయి కదా, మనమెంత అనేవాళ్లూ ఉన్నారు. పొగ టెస్టుల్లో సాఫ్ట్‌వేర్‌తో మోసం చేసిన ఫోక్స్‌వ్యాగన్ బండారం 2015లో బయటపడింది. మన దేశంలోనే మూడు లక్షల పైచిలుకు కార్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఆ తర్వాత యూరప్‌లో నడిచిన కేసులు చదివితే నాకు మా మెకానిక్ షెడ్డు గుర్తొచ్చింది. బయటి వేడి 15 నుంచి 33 డిగ్రీల మధ్య ఉంటేనే ఈజీఆర్ పూర్తిగా పనిచేసేలా ఆ కంపెనీ కార్లలో సాఫ్ట్‌వేర్ ఉందని తేలింది. ఇంజన్‌ని మసి నుంచి కాపాడటానికే అన్నది వాదన. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2020లో, ఇంజన్ పాతబడకుండా, మసి పట్టకుండా చూసుకోవడం అందుకు సాకు కాదంది. 2022 జులైలో ఆ 15-33 లెక్కనీ తప్పుపట్టింది. ఆ 33 డిగ్రీల హద్దు చదివి నేను కాసేపు అలాగే కూర్చున్నాను. నెల్లూరులో మార్చి నుంచి వానలు పడేదాకా మధ్యాహ్నాలన్నీ 33 పైనే. అలాంటి లెక్కతో నడిచే కారుకి మన ఎండాకాలమంతా, సాఫ్ట్‌వేర్‌లోనే సగం రేకు వేసినట్టు.

వాళ్లు అలా చేశారు కాబట్టి మనమూ చేయొచ్చనడం నాకు మింగుడుపడదు. వాళ్లని పట్టుకోవడానికి కోర్టులున్నాయి. మన రేకుని పట్టుకునే యంత్రం మన ఊళ్లో ఏ సెంటర్లోనూ లేదు.

ఇప్పుడు వారానికోసారి, ఆదివారం పొద్దున, కావలి దాకా హైవే మీద వెళ్లొస్తున్నాను. ముల్లు సగం గీత మీద కదలకుండా ఉంటుంది. ఆ ఒక్క పరుగు వల్ల వాల్వు శుభ్రంగా ఉంటుందో లేదో ఇంకో ఏడాదికి విప్పితేగానీ తెలియదు. డీజిల్ ఖర్చు లెక్కేస్తే ఈ ఆదివారం పరుగు దండగే అంటుంది మా ఆవిడ. లెక్క ప్రకారం ఆమె మాటే నిజం. మరీ తక్కువ తిరిగే ఇంటికి డీజిల్ వద్దనేవాళ్ల మాటకి నేను సగం ఒప్పుకున్నట్టే.

పోయిన వారం మా మెకానిక్ ఫోన్ చేశాడు. "సార్, ఒక పార్టీ బండి వచ్చింది, మీ మోడలే. ఈజీఆర్‌కి రేకు వెయ్యమంటా ఉండారు. మీరేమంటారు?"

"ముందు థర్మోస్టాట్ ఉందేమో చూడన్నా" అన్నాను.

కాసేపు పానాల చప్పుడు వినిపించింది. "లేదు సార్" అన్నాడు. తర్వాత మళ్లీ ఆయనే, "మూడేళ్ల కిందట నేనే తీసినా" అన్నాడు.

నాకు వేసినది ఏ కొట్లో దొరికిందో అడిగాడు, చెప్పాను.